తొమ్మిదో అధ్యాయం, పద్నాలుగో రూలు

గురువారం పొద్దున అన్నయ్య స్నేహితుడు సందేహం ఫోన్ చేసినప్పుడు లాయరమ్మ ద్రాక్షపళ్ళని ఒక్కొక్కటీ నాలుగు ముక్కలు కోస్తోంది. రెండు ముక్కలు చాలని డాక్టరు చెప్పాడు. డాక్టరుకేం, చెప్పేసి ఇంటికెళ్ళిపోతాడు. రెండున్నరేళ్ళ చిట్టిది ఎదురుగా కూర్చుని, కోసిన ముక్కల్ని తినకుండా వరసగా పేర్చి నేల మీద కవాతు చేయిస్తోంది.

"దొరికింది," అన్నాడు సందేహం, హలో కూడా అనకుండా.

"ఏంటి?"

"పుస్తకం. పదమూడో మండలం రూల్స్ పుస్తకం, నూట ఇరవై ఎనిమిది పేజీలూ. ఎక్కడో మనలాంటి పిచ్చోడే ఒకడు ప్రతి పేజీకీ ఫొటో తీసి నెట్‌లో పెట్టాడు. మన దాంట్లో లేవు చూడు, అరవై ఒకటి నుంచి అరవై ఎనిమిది, అవి కూడా ఉన్నాయి."

కత్తి ఆగిపోయింది. "అవి మన దగ్గరున్నాయిగా. నేను రాసినవి."

"ఉన్నాయనుకో. కానీ చూసి రాసినవి వేరు, అసలువి వేరు కదా. నేనింకా తెరవలేదు, ప్రింటుకిచ్చాను. కవరు అంటించి ఇమ్మన్నాను. ఆదివారం మీ అన్నయ్య ఇంట్లో అందరం కలిసే విప్పుదాం. వాడైతే ఇప్పట్నుంచే తయారు. పద్నాలుగో రూలు ఇంగ్లీషులో తన కళ్ళతో చూసుకోవాలట."

"సరే," అంది లాయరమ్మ. ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న ద్రాక్షపండుని తెలియకుండానే ఎనిమిది ముక్కలు చేసింది.

ఆమె భయం అర్థం కావాలంటే పదమూడో మండలం అనే ఆ ఆట సంగతి చెప్పాలి. మొత్తం చెప్పటం మాత్రం ఎవరి తరమూ కాదు. అది తయారుచేసినవాళ్ళకే అర్థం కాలేదని సందేహానికి ఒక సందేహం.

లాయరమ్మ పేరు కోర్టుల వల్ల వచ్చింది కాదు. తొమ్మిదో తరగతి సగంలోనే బడి మానేసిన మనిషి. ఆ ఏడాది అమ్మకి నడుము ఆపరేషనైంది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. అన్నయ్యకి పదో తరగతి పరీక్షలు, ఆమెకి తొమ్మిదే కదా, ఒక్క సంవత్సరం ఆగితే ఏం కొంప మునుగుతుంది అన్నారు. ఆ ఒక్క సంవత్సరం ఇప్పటికీ పూర్తవలేదు.

సరిగ్గా ఆ నెలలోనే అన్నయ్య పాత కాయితాల కొట్టులోంచి ఒక అట్టపెట్టె మోసుకొచ్చాడు. అందులో ఆరొందల పన్నెండు కార్డులు. నిజానికి ఆరొందల పంతొమ్మిది ఉండాలి, ఆ ఏడూ ఏ గ్రహానికి పోయాయో ఎవరికీ తెలీదు. అంతరిక్షం, ఓడలు, చక్రవర్తులు, ఆరు చేతుల సేనాధిపతులు, అన్నీ కార్డుల మీదే. ఇంధనం మూడు రకాలు, మూడూ ఒకేసారి అయిపోతాయి. ఒక్కో ఆటగాడి వంతులో పద్నాలుగు ఘట్టాలు, అందులో ఆరోది మౌనఘట్టం. ఆ ఘట్టంలో ఎవరైనా మాట్లాడితే ఒక చంద్రుణ్ణి పోగొట్టుకుంటారు. ఓడని పక్క గ్రహానికి జరపాలంటే నాలుగు పట్టికలు చూడాలి. అంతకన్నా నిజంగా వెళ్ళి రావటం తేలిక. అన్నిటికీ మించి గుమాస్తా రోబో అని ఒక కార్డు ఉంది. దానికి కత్తీ లేదు, కవచమూ లేదు, చేతిలో ఒక రబ్బరు స్టాంపు ఉంటుంది. అది బల్ల మీద లేకపోతే విశ్వంలో ఎవరూ ఎవరి మీదా యుద్ధం ప్రకటించటానికి వీల్లేదు.

పొద్దున్నుంచీ అమ్మని పక్కకి తిప్పటం, మందులివ్వటం, గంజి కాచటం, వీటి మధ్య దొరికిన సమయంలో లాయరమ్మ ఆ పుస్తకం చదివేది. ఒళ్ళో డిక్షనరీ. తొమ్మిదో తరగతికి బదులు ఆమె చదువుకున్నది అదే. అందుకే ఆమెకి వచ్చిన ఇంగ్లీషంతా యుద్ధం ఇంగ్లీషు. దిగ్బంధం, స్వాధీనం, బేషరతు లొంగుబాటు అన్న మాటలు నిద్రలో లేపి అడిగినా చెప్పేది. మందు సీసా మీద ఉన్నది మాత్రం చదవటం వచ్చేది కాదు.

సాయంత్రం నాలుగున్నరకి అన్నయ్య, సందేహం బడి నుంచి వచ్చేసరికి బల్ల మీద గ్రహాలు పరిచి ఉండేవి. వాళ్ళిద్దరూ పేజీ తిరగేసే ఓపిక లేని జీవులు. "ఇప్పుడేం చెయ్యాలి?" అని ఆమె వైపు తిరిగేవాళ్ళు. ఆమె చెప్పేది. ఆమె చెప్పిందంటే అప్పీలు లేదు. లోపలి మంచం మీంచి అమ్మ "ఎవరే గెలిచింది?" అని అరిస్తే "ఇంకా మొదలవలేదమ్మా" అని జవాబు వెళ్ళేది. ఒకసారి మొదలవటానికే మూడు రోజులు పట్టింది.

పుస్తకంలో నడిమి పిన్నులు తుప్పు పట్టి రెండు కాయితాలు ఎక్కడో జారిపోయాయి. రెండు కాయితాలంటే ఎనిమిది పేజీలు. విషయసూచికలో మాత్రం ఠీవిగా ఉంది: తొమ్మిదో అధ్యాయం, రాయబారం, పేజీ అరవై ఒకటి. మిగతా పుస్తకం నిండా ఎక్కడ పడితే అక్కడ "తొమ్మిదో అధ్యాయం చూడు" అని ఉంటుంది. చూద్దామంటే లేదు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అని అడిగారు ఇద్దరూ.

తెలీదు అనాలి. కానీ ఆ మాట ఆమె నోట్లోంచి రాలేదు. బడికి వెళ్ళేవాళ్ళు తెలీదు అనొచ్చు, మర్నాడు మాస్టారుని అడిగి వస్తారు. ఇంట్లో ఉండిపోయినవాళ్ళు తెలీదంటే ఇక అది తెలియనట్టే. "ఎదురింటి అమ్మాయి వాళ్ళ బాబాయి దగ్గర ఈ పుస్తకం ఉందట. చూసి రాసుకొస్తా," అంది.

ఎదురింటివాళ్ళకి బాబాయే లేడు.

పదకొండు రోజులు కూర్చుని, పొడుగు నోటుబుక్కులో నీలం ఇంకుతో ముప్ఫై ఒక్క రూల్స్ రాసింది. రాయబారి ఎంతసేపు మాట్లాడొచ్చు, అబద్ధమాడితే ఏ గ్రహం ఇవ్వాలి, అలిగి వెళ్ళిపోయిన చక్రవర్తిని ఎవరు బతిమాలాలి. మిగతావన్నీ ఎలాగో వచ్చాయి గానీ, పద్నాలుగో నంబరు దగ్గర ఎంతకీ ఏమీ తోచక ఆ వరస ఖాళీగా వదిలేసింది. దేవుడి దయవల్ల మరుసటి నెలలో ఎదురింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు.

ఆ అధ్యాయం వచ్చాకే ఆటకి ప్రాణం వచ్చింది. కాల్చుకోవటం మానేసి అబ్బాయిలిద్దరూ గంటలకొద్దీ రాయబారాలే చేసుకునేవాళ్ళు.

ఇక ఏడో యుద్ధం. అన్నయ్య ఓడ ఉల్కాముఖి లాయరమ్మ రాజధానిని చుట్టుముట్టింది. ఇంకో రెండు ఘట్టాల్లో ఆమె కథ కంచికే. ఆమె శాంతి చర్చలకి పిలిచింది. చర్చలు సాగుతున్నాయి. గెలుపు ఖాయమైపోయిన అన్నయ్య హాయిగా ఒక చెంబు నీళ్ళు తాగాడు. తర్వాత ఇంకో చెంబు తాగాడు. ఆమె నోటుబుక్కు తిరగేస్తూ కూర్చుంది. నలభై నిమిషాలకి అన్నయ్య లేచి బాత్రూమ్ వైపు పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి ఉల్కాముఖి ఆమె వైపు ఉంది.

"తొమ్మిది, పద్నాలుగు," అని చదివింది ఆమె, నోటుబుక్కు ఇటు తిప్పకుండా. "శాంతి చర్చలు నడుస్తుండగా ఆసనం వదిలి లేచినవాడి ముఖ్యనౌక లొంగిపోయినట్టు లెక్క."

మాట్లాడినందుకు చంద్రుణ్ణి లాక్కునే ఆటలో ఇది వింతగా అనిపించలేదు ఎవరికీ. అన్నయ్య ఏడవలేదు గానీ ఆ రోజు అన్నం తినలేదు. ఆ దెబ్బ వాడి ఒంట్లో ఉండిపోయింది. వాడిప్పుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళు లోపల్నుంచి తలుపులు బాదుతున్నా సరే, ముందు బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాకే పానా పట్టుకుంటాడు. పెళ్ళి రోజున మూడుసార్లు వెళ్ళాడు. ఎవరైనా అడిగితే, "అనుభవంతో చెప్తున్నా, లేవాల్సిన పని ముందే చూసుకోవాలి," అంటాడు.

అంటే ఒక మనిషి జీవితం పద్నాలుగో రూలు మీద నడుస్తోంది. ఆదివారం ఆ రూలు అసలు పుస్తకంలో ఉండదు.

*

శుక్రవారం మొగుడు భోజనానికి కూర్చున్నప్పుడు లాయరమ్మ అడిగింది. అతను ప్రింటింగ్ ప్రెస్సులో బైండరు, పుస్తకాల లోగుట్టు అతనికే ఎరుక.

"ఏవండీ, పుస్తకంలో సరిగ్గా నడిమి కాయితాలుంటాయే, వాటిలో మామూలుగా ఏం వేస్తారు?"

"ఏ పుస్తకం?"

"ఊరికే అడిగా."

"ఊరికే అడిగేవాళ్ళు పొద్దున్నుంచీ మూడుసార్లు అడగరు." అతను చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. "పిన్ను కొట్టిన పుస్తకంలో ముందు ఊడేవి నడిమి కాయితాలే. అందుకని తెలివున్నవాడెవడూ వాటిలో పనికొచ్చేది పెట్టడు."

ఆ మాట ఆమెకి ఊరట ఇవ్వలేదు. ఆ ఆట చేసినవాళ్ళకి తెలివుందనటానికి ఆమె దగ్గర ఒక్క సాక్ష్యమూ లేదు.

"నన్నెవరైనా అబద్ధాలకోరు అంటే మీరేమంటారు?"

"ఎవరన్నారు?"

"ఇంకా అనలేదు. ఆదివారం అంటారు."

"ఆదివారం నాకు సెలవే. నేనూ వస్తా. వినాలనుంది."

శనివారం ట్రంకుపెట్టెలోంచి నోటుబుక్కు తీసింది. అట్ట వదులైంది కానీ అక్షరాలు గట్టిగానే ఉన్నాయి. పద్నాలుగేళ్ళ పిల్ల గుండ్రటి చేతిరాత, ప్రతి రూలు కిందా స్కేలు పెట్టి గీసిన గీత. దీన్ని నీళ్ళలో పడేస్తే? పడిపోయిందనొచ్చు. కానీ నోటుబుక్కు పోయినా రూల్స్ పోవు. ఆ ఇద్దరికీ అవి కంఠతా వచ్చు. చదువు ఒక్క అక్షరం తలకెక్కని సందేహానికి కూడా ముప్ఫై ఒకటీ వరసగా వచ్చు.

అబద్ధం బయటపడటం కాదు ఆమె బాధ. చిన్నప్పటి అబద్ధాలు ఎవరికి లేవు. కానీ "మా చెల్లి చెప్పిందంటే చెప్పినట్టే, అది చదివి చెప్తుంది" అని అన్నయ్య ఇప్పటికీ పదిమందిలో అంటాడు. గ్యాసు ఫారమైనా, మందుచీటీ అయినా ఫోటో తీసి ఆమెకే పంపుతాడు. ఆమెకి అర్థం కాకపోతే మొగుణ్ణి అడిగి తెలుసుకుని చెప్తుంది. బడి మానేసిన మనిషిని చదువుకున్న మనిషిగా చూసే కళ్ళు ఈ ప్రపంచంలో నాలుగే ఉన్నాయి. ఆ నాలుగూ ఆదివారం పేజీ అరవై ఒకటి చూస్తాయి.

మొన్న పిల్లల డాక్టరు దగ్గర కూడా అంతే జరిగింది. "పాప రెండు మూడు మాటలు కలిపి చెప్తోందా?" అని అడిగాడాయన. చిట్టిది ఒక్కో మాట చెప్తుంది, అదీ తనకి బుద్ధి పుట్టినప్పుడు. కలిపి చెప్తోందో లేదో ఆమెకి నిజంగా తెలీదు. "ఆ, చెప్తోందండీ," అనేసింది. ఆయన కాయితం మీద టిక్కు పెట్టాడు. అప్పట్నుంచీ ఆ టిక్కు ఆమె కడుపులో ముల్లులా ఉంది.

నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది.

*

అన్నయ్య ఇల్లు మారుతున్నాడు. గది నిండా తాళ్ళు కట్టిన పెట్టెలు, చుట్టిన పరుపులు, గోడ మీద తీసేసిన ఫొటోల తెల్లటి మచ్చలు. రెండు పెట్టెల మీద ఒక పాత తలుపుచెక్క వేసి బల్ల తయారుచేశాడు. వదిన వంటింటి గిన్నెల్ని కాయితాల్లో చుడుతూ అక్కణ్ణుంచే మాట్లాడుతోంది.

"అమ్మాయ్, మీ అన్నయ్యకి చెప్పు. బుధవారం లారీ ఎక్కేది నేనో, ఆ అట్టపెట్టో తేలాలి."

"నిన్నటిదాకా దానికే ఎక్కువ ఓట్లున్నాయి," అన్నాడు అన్నయ్య.

సందేహం అప్పటికే కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో గోధుమరంగు కవరు. వాడికి ఆ పేరు బడిలో మాస్టార్లు పెట్టారు. పాఠం మొదలవకముందే చెయ్యెత్తేవాడు. ఇప్పుడు కళ్ళద్దాల షాపు పెట్టుకుని, పొద్దస్తమానం అద్దాలు మారుస్తూ "ఇప్పుడు బాగుందా? ఇప్పుడు?" అని జనాన్ని అడుగుతుంటాడు. తన సందేహాల్ని ఊరి మీదికి తోసి బతికే పని దొరకటం అందరికీ రాసిపెట్టి ఉండదు.

"నువ్వు చిక్కిపోయావేంటే లాయరమ్మా," అన్నాడు.

"పిల్ల తినట్లేదు."

"పిల్ల తినకపోతే నువ్వెందుకు చిక్కుతావు? ఇది నాకు సందేహం."

చిట్టిది తండ్రి భుజం మీంచి దిగి, తిన్నగా కార్డుల దగ్గరికి వెళ్ళింది. "నోట్లో పెట్టుకోకుండా చూడండి," అంది లాయరమ్మ, మొగుడితో. "మూలలు గుచ్చుకుంటాయి. రంగులో ఏముంటుందో."

"నేను చిన్నప్పుడు ఆ రంగు చప్పరించాను," అన్నాడు అన్నయ్య. "ఏమీ కాలేదు."

"అది నువ్వనుకుంటున్నావు," అంది వదిన వంటింట్లోంచి.

అన్నయ్య లేచాడు. "ముందు ఒక్కసారి వెళ్ళొస్తా. తర్వాత కవరు విప్పుదాం." బాత్రూమ్ తలుపు పడిన చప్పుడు లాయరమ్మకి గుండెల్లో పడింది. చెప్పేస్తే? ఇప్పుడే, కవరు విప్పకముందే చెప్పేస్తే మర్యాదగా ఉంటుంది. నోరు తెరిచింది. "సందేహం అన్నయ్యా, ఆ పేజీలు..."

"అదే చూద్దాం, ఆగు," అంటూ వాడు కవరు చింపేశాడు. అన్నయ్య తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

పేజీలు తిరిగాయి. యాభై ఎనిమిది, కక్ష్యల పట్టిక. అరవై, ఇంధనం ఆవిరైపోవటం. అరవై ఒకటి.

పైన పెద్ద అక్షరాల్లో రాయబారం అని ఉంది. దాని కింద రెండు వరసలు. ఆ కింద ఖాళీ.

సందేహం కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. "ఈ అధ్యాయం... రెండో అనుబంధంలో వెలువడుతుంది. అంతవరకూ ఆటగాళ్ళు పరస్పరం మర్యాదగా ఉండగలరని మనవి."

"తిప్పు," అన్నాడు అన్నయ్య.

అరవై రెండులో చొక్కాలు. ఉల్కాముఖి బొమ్మ ఉన్న చొక్కా, మూడు సైజులు. అరవై మూడులో అభిమానుల సంఘంలో చేరటానికి కత్తిరించుకునే కూపను. నడిమి రెండు పేజీల నిండా ఆట తయారుచేసిన నలుగురు గడ్డాలవాళ్ళ ఫొటో, రేకుతో చేసిన రాకెట్టు పక్కన పళ్ళికిలించి నిలబడ్డారు. ఆ తర్వాత మళ్ళీ చొక్కాలు. అరవై తొమ్మిదిలో పదో అధ్యాయం మొదలైపోయింది.

"రెండో అనుబంధం సంగతేంటి?" అని మొగుడు మెల్లిగా అడిగాడు.

"అది రాలేదు," అన్నాడు సందేహం, ఫోన్‌లో వెతికి చూసి. "మొదటిది వచ్చాక ఆ కంపెనీ మూతపడింది. నెట్‌లో రాసుకున్నారు. తొమ్మిదో అధ్యాయం ఈ భూమ్మీద ఎవరూ చూడలేదట." అని ఆగిపోయాడు. వాడి మొహంలో సందేహం మెల్లిమెల్లిగా, పాలు పొంగినట్టు పొంగింది. "మరి ఎదురింటివాళ్ళ బాబాయి...?"

ముగ్గురు మగవాళ్ళూ ఆమె వైపు చూశారు. వంటింట్లో కాయితాల చప్పుడు ఆగిపోయింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్న లాయరమ్మకి అలవాటు ప్రకారం నోట్లోకి ఒక అబద్ధం వచ్చింది. బాబాయి దగ్గర ఉన్నది వేరే ముద్రణ అనొచ్చు. చాలా నమ్మకంగా చెప్పొచ్చు కూడా. వీళ్ళు నమ్ముతారు. అదే సిగ్గనిపించింది.

"బాబాయి లేడు," అంది. "నేనే రాశా."

"అన్నీనా?" అన్నాడు సందేహం.

"ముప్ఫై ఒకటీ."

అన్నయ్య చెయ్యి చాపాడు. ఆమె నోటుబుక్కు ఇచ్చింది. వాడు వేలు పెట్టి కిందికి జారుతూ వచ్చి ఒక చోట ఆగాడు. "అన్నీ నీలం ఇంకు. ఇదొక్కటే పెన్సిలు. ఎందుకు?"

లాయరమ్మ తల వంచుకుంది. "అది తర్వాత రాశా."

"ఎప్పుడు?"

"నువ్వు రెండో చెంబు తాగుతున్నప్పుడు."

వదిన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చేతిలో సగం చుట్టిన మూకుడు. ముందు ఆమెకి నవ్వు రాలేదు, అర్థం కావటానికి టైము పట్టింది. తర్వాత గుమ్మానికి ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఓరి నాయనో. ఎనిమిదేళ్ళ కాపురంలో ఒక్క బస్సు టైముకి ఎక్కలేదు. పొరుగూరెళ్ళినా ముందు ఒకసారి, తాళం వేసి ఒకసారి. మా అత్తగారి పెంపకంలో ఏదో లోపం అనుకున్నా."

"ఇందులో నవ్వేందుకు ఏముంది?" అన్నాడు అన్నయ్య. లేచి బాల్కనీలోకి పోయి, అటు తిరిగి నిలబడ్డాడు.

సందేహం పేజీలు సర్దుతున్నాడు, ఎవరో తన సొత్తు ఎత్తుకుపోయినట్టు. "నేను అన్నిటినీ అనుమానించాను," అన్నాడు. "భూమి గుండ్రంగా ఉందంటే అనుమానించాను. మా నాన్న మా నాన్నేనా అని అనుమానించి తన్నులు తిన్నాను. ఇదొక్కటి వదిలేశా."

"కోపంగా ఉందా?"

"నా మీద నాకు. ఇరవై రెండో రూలు కూడా నీదేనా? అలిగిన చక్రవర్తిని మూడుసార్లు పిలవాలి, నాలుగోసారి పిలిస్తే పిలిచినవాడికే అవమానం?"

"ఆ."

"నా షాపులో బాకీ... కాదులే, నా పెళ్ళాం అలిగితే నేను దాని ప్రకారమే పిలుస్తా," అన్నాడు వాడు. "మూడుసార్లు. ఇంతవరకూ ఫెయిలవలేదు."

మొగుడు నోటుబుక్కు తీసుకుని బైండరు చేత్తో అట్ట సరిచేస్తూ చదువుతున్నాడు. నిన్నటిదాకా ఈ పుస్తకం ఉందనే అతనికి తెలీదు. ఒక పేజీ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు. "ఇందులో తప్పులు లేవు," అన్నాడు, ఆశ్చర్యంగా. ఏ తప్పుల గురించి అన్నాడో చెప్పలేదు. ఆమె అడగలేదు.

అన్నయ్య బాల్కనీలోంచి తిరిగొచ్చాడు. మొహం కడుక్కున్నట్టున్నాడు. కూర్చోలేదు.

"నేను నీకు ఏమన్నా అన్యాయం చేశానా?"

"లేదన్నయ్యా."

"మరి?"

ఆమె తలుపుచెక్క మీద వేలితో గీతలు గీసింది. "నువ్వు బడికెళ్ళేవాడివి," అంది. "సాయంత్రం వచ్చి ఇక్కడ కూడా గెలిస్తే ఎట్లా?"

వాడు అట్టపెట్టెలోంచి ఉల్కాముఖి కార్డు వెతికి తీశాడు. మూలలు అరిగిపోయిన ఆ కార్డుని బల్ల మీద తన వైపు పెట్టి, రెండు వేళ్ళతో నొక్కాడు. "నా ఓడ నాకిచ్చెయ్. ఏడో యుద్ధం ఆగినచోట నుంచి మొదలుపెట్టు. నోటుబుక్కు వెనకాల ఎవరి కార్డులు ఎక్కడున్నాయో రాసుకున్నావుగా. అది నిజమేనా, అదీ కవిత్వమేనా?"

"అది నిజం."

"అయితే పరుచు."

ఆమె పరిచింది. చేతులకి అన్నీ గుర్తున్నాయి. గ్రహాలు, చంద్రులు, మూడు రకాల ఇంధనం, ఆరు చేతుల సేనాధిపతి. వదిన టీలు తెచ్చి, బల్ల మీద చోటు లేక పరుపుల చుట్ట మీద పెట్టింది. అప్పుడు మొదలుపెడితే ఆరో ఘట్టానికే ముప్పావుగంట పట్టింది. మౌనఘట్టంలో సందేహం "ఇది మౌనఘట్టమేనా?" అని అడిగి ఒక చంద్రుణ్ణి పోగొట్టుకున్నాడు. అన్నయ్య మొహంలో కోపం ఇంకా ఉంది, కానీ ఆ కోపానికి ఇప్పుడు పని దొరికింది. ఉల్కాముఖిని ముందుకి జరిపి, టీ గటగటా తాగి, వదిన గ్లాసు కూడా లాక్కుని తాగి, ఇన్నేళ్ళూ దాచుకున్న మాట అన్నాడు.

"యుద్ధం ప్రకటిస్తున్నా. గుమాస్తా స్టాంపు వెయ్యి."

గుమాస్తా రోబో బల్ల మీద లేదు.

బల్ల కింద లేదు, అట్టపెట్టెలో లేదు. తీరా చూస్తే పరుపుల చుట్ట వెనకాల చిట్టిది కూర్చుని ఉంది, గుమాస్తాని గుండెలకి హత్తుకుని. లాయరమ్మ ముందు నోరు తెరిపించి లోపల ఏమైనా ఉందేమో చూసింది. ఏమీ లేదు. కార్డు తీసుకోబోతే చిట్టిది వెనక్కి లాక్కుంది.

"నాది బొమ్మ ఇవ్వను," అంది.

లాయరమ్మ నేల మీద అలాగే కూర్చుండిపోయింది. ఒకటి, రెండు, మూడు. వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకుంది. మూడే. కడుపులో ముల్లు కొంచెం కదిలింది. మూడు మాటలు ఒకసారి అన్నంత మాత్రాన ఏమవుతుందో, మళ్ళీ అంటుందో లేదో ఆమెకి తెలీదు. మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్ళి అదే చెప్పాలి అనుకుంది, ఆ టిక్కు నేను తెలియక పెట్టించాను, ఇంకోసారి చూడండి అని.

"లాయరమ్మా," అన్నాడు సందేహం బల్ల దగ్గర్నుంచి. "ఇది నాకు నిజంగా సందేహం. గుమాస్తా ఉన్నాడు, కానీ బల్ల మీద లేడు. పరాయి మనిషి చెరలో ఉన్నాడు. ఇవ్వనంటోంది. యుద్ధం చెల్లుతుందా, చెల్లదా? పుస్తకం మొత్తం చూశా, ఎక్కడా లేదు. ఇప్పుడేం చెయ్యాలి?"

అందరూ మళ్ళీ ఆమె వైపే తిరిగారు. కాసేపటి కిందే బండారం బయటపడిన మనిషి వైపు, ఏ సిగ్గూ లేకుండా. అన్నయ్య కూడా. వాడికి తను తిరిగినట్టు తెలిసినట్టు లేదు.

"తెలీదు," అంది లాయరమ్మ.

గదిలో ఏమీ కూలలేదు. చిట్టిది గుమాస్తా నెత్తి మీద ముద్దు పెట్టింది.

"తెలీదంటే?" అన్నాడు అన్నయ్య.

"అంటే ఇంకా లేదు. పెన్నివ్వు, రాస్తా."

మొగుడు జేబులోంచి పెన్ను తీసిచ్చాడు. ఆమె నోటుబుక్కులో ముప్ఫై ఒకటో రూలు కింద స్కేలు లేక కార్డు అంచు పెట్టి గీత గీసి, ముప్ఫై రెండు అని నంబరు వేసింది. అన్నయ్య మోకాళ్ళు దగ్గరికి తెచ్చుకుని కూర్చున్నాడు. రెండు గ్లాసుల టీ వాడి మొహంలో కనిపిస్తోంది. బాత్రూమ్ వైపు ఒకసారి చూశాడు, ఉల్కాముఖి వైపు ఒకసారి చూశాడు, పెన్ను వైపు ఒకసారి చూశాడు.

"వెళ్ళి రావయ్యా," అంది వదిన.

"అది రాయటం అయ్యేదాకా నేను కుర్చీ దిగను. తాళ్ళున్నాయిగా, కావాలంటే కట్టేయండి."

లాయరమ్మ రాస్తోంది. యుద్ధం సంగతి ముప్ఫై మూడులో చూసుకోవచ్చు. ముప్ఫై రెండు ఇలా వచ్చింది: చర్చలైనా, యుద్ధమైనా, అవసరం పడినవాడు లేచి వెళ్ళి రావచ్చు, వాడు వచ్చేదాకా వాడి ఓడని ఎవరూ ముట్టుకోరాదు. చివర చుక్క పెట్టింది. ఒకసారి చదువుకుంది. బాగానే ఉంది.

అన్నయ్య కుడికాలు కుర్చీ కోడు మీద దడదడ కొట్టుకుంటోంది. ఆమె నోటుబుక్కు ఎత్తి, ఇంకు ఆరటానికి మెల్లిగా ఊదింది. ఇంకోసారి ఊదింది.

"చదువుతావా, చదవవా," అన్నాడు అన్నయ్య, పళ్ళ మధ్య నుంచి.

"తొందరెందుకన్నయ్యా," అంది లాయరమ్మ. "ముందు పాత ముప్ఫై ఒకటీ వరసగా గుర్తు చేస్తా."